పులస కథకు నీతి లేదు

పోయిన నెల కోనసీమలోని ఒక బడిలో నా నాటకం ముగిసి, భుజం మీది కండువా ఇంకా మడత పెట్టుకోకముందే, ఆ బడి పెద్దాయన మైకు అందుకుని పిల్లలతో ఇలా అన్నారు: "చూశారు కదా, పెద్దల మాట వినకుండా ఇల్లు వదిలి దూరం పోతే ఆ చేపకు పట్టిన గతే పడుతుంది. ఇదీ ఈ కథలో నీతి." నా నాటకంలో పెద్దలే లేరు, వినకపోవడానికి మాటా లేదు. సముద్రం వదిలి గోదావరిలోకి ఎదురీదే ఒక పులస, దాని కోసం కాచుకుని ఉన్న ఒక జాలరి, ఇద్దరినీ మోసే నది ఉన్నాయి. అందరూ నేనే. 40 నిమిషాల పాటు నోళ్ళు తెరుచుకుని చూసిన ముఖాలు ఆ ఒక్క మాటతో మళ్ళీ తరగతి గది ముఖాలైపోయాయి. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

పిల్లల కోసం ఒక్కడినే నాటకం ఆడతానంటే మన వైపు అందరికీ ఏకపాత్రాభినయమే గుర్తొస్తుంది. వార్షికోత్సవం నాడు అతికించిన మీసం, బంగారు కాగితం చుట్టిన గద, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పే దుర్యోధనుడి మాటలు, అయిదు నిమిషాల్లో చప్పట్లు, ఒక ప్రశంసాపత్రం. ఆ గద పట్టుకునే పెరిగాను కనుక దాన్ని నేను చిన్నచూపు చూడను. అయితే అక్కడ పిల్లవాడు ఆడితే పెద్దలు చూస్తారు, ఇక్కడ పెద్దవాడు ఆడితే పిల్లలు చూడాలి, ఈ తేడా చిన్నదేమీ కాదు. నిజానికి ఈ నాటకానికి దగ్గరి చుట్టం హరికథ. పక్కన వాద్య సహకారం ఉన్నా, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలతో రాముడూ రావణుడూ తానొక్కడే అయి, జనం కునికిపాట్లు పడుతున్నారని పసిగట్టగానే ఒక పిట్టకథలోకి దూకి, అందరినీ నవ్వించి, మళ్ళీ అసలు కథను అందుకునే ఆ నేర్పు హరిదాసు దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) పుట్టింది ఉత్తరాంధ్రలో అయినా, ఆ విద్యకు పాఠశాల ఉన్నది మన కపిలేశ్వరపురంలో. ఇంత ఆస్తిని ఇంటి దగ్గర పెట్టుకుని, పిల్లల నాటకం ఎలా చేయాలో తెలియదంటే నమ్మడం కష్టం.

నాటకం తయారు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో చాలా కాలం కొత్తవి చేర్చడానికి కాక, ఉన్నవి తీసేయడానికే పోయింది. మొదట్లో అట్టతో కోసి రంగులేసిన చేప, నది కోసం ఆరు గజాల నీలి గుడ్డ, నిజమైన వల, ఇవన్నీ ఒక పెద్ద మూటగా మోసుకు తిరిగేవాడిని. ఒకసారి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ కాలు జారి, మూట నీళ్ళలో పడింది. అట్ట చేప నానిపోయింది. నరసాపురం వైపు బడిలో పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు, ఇక చేసేదేమీ లేక భుజం మీది కండువా ఒక్కటే చేతిలోకి తీసుకున్నాను. దాన్ని నిలువుగా మడిచి, ఒక కొసను బొటనవేలి కింద నొక్కిపట్టి, మణికట్టుతో మెల్లగా ఆడిస్తే అది ఈదింది. విప్పి రెండు చేతులా చాస్తే నది అయింది. తలకు చుట్టుకుంటే జాలరి వచ్చాడు. నదిని ముందుకు చాచినప్పుడు, మొదటి వరుసలో కూర్చున్న ఒక పిల్లవాడు తడుస్తాయన్నట్టుగా కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అట్ట చేపను చూసి పిల్లలు కాళ్ళు లాక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. అది చూసి "ఎంతకు కొన్నారండి?" అని మాత్రం అడిగేవారు.

పాత్ర మారినప్పుడల్లా గొంతు మార్చాలని చాలామంది అనుకుంటారు. అది మిమిక్రీ, దానికి పిల్లలు పది నిమిషాలు నవ్వి ఊరుకుంటారు. నేను మార్చేది చూపు. జాలరి చూపు ఎప్పుడూ కిందికి, నీళ్ళలోకి ఉంటుంది. చేప చూపు పైకి, వెలుతురు వైపు ఉంటుంది. ఒకరోజు అలసిపోయి చేపగా మాట్లాడుతూ కిందికి చూశాను. మూడో తరగతి పాప ఒకతె వెంటనే లేచి, "ఇప్పుడు మీరు చేపండి!" అని గట్టిగా చెప్పింది. బుర్రకథలో కథకుడికి చెరో పక్కన వంతలు ఉంటారు, వాళ్ళలో ఒకరు హాస్యం అందుకుంటే మరొకరు లోకం సంగతులు అందుకుంటారు. ఒక్కడే ఆడే నాటకంలో ఆ రెండు పనులూ ఎదురుగా నేల మీద కూర్చున్న పిల్లలే చేస్తారు. వాళ్ళ నోరు మూయించి "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని బెత్తం చూపించే ఉపాధ్యాయులకు, మీరు నా వంతల్ని తరిమేస్తున్నారని చెప్పలేక ఎన్నోసార్లు పళ్ళు బిగించాను.

ఇక నీతి సంగతి. పిల్లల కోసం అనేసరికి కథ మన పెద్దలకు బెల్లం పూసిన మాత్రలా కనిపిస్తుంది. రాత్రంతా జాగారం చేసి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే ఈ పెద్దలే, తెర పడ్డాక వేదికెక్కి "ఇందులో నీతి ఏమనగా" అని ఎవరైనా మొదలుపెడితే చెప్పు చూపిస్తారు. తమకు అక్కర్లేని మందును పిల్లలకు మాత్రం ముక్కు మూసి పోస్తారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలియకపోలేదు. ఒక పీరియడు పోయినందుకు ఏం నేర్చుకున్నారో తల్లిదండ్రులకు చెప్పుకోవాలి, పై అధికారికి ఒక వాక్యం రాసి పంపాలి. ఆ వాక్యం కాగితం మీద ఏదైనా రాసుకోమనండి, పిల్లల చెవిలో మాత్రం వేయవద్దు. సముద్రంలో ఇలసగా తిరిగే చేప ఎర్రనీరు వచ్చే కాలానికి గోదావరిలోకి ఎక్కి పులస అవుతుందనీ, పుస్తెలమ్ముకునైనా దాన్ని తినాలనే సామెత ఉందనీ డెల్టా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఆ చేపను పెద్దల బేరాల్లో, పళ్ళెంలో మాత్రమే చూశారు, అది ఎటు వెళ్ళాలనుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు. నా నాటకం ఆ ఒక్క ప్రశ్నను వాళ్ళ ముందు పెట్టి పక్కకు తప్పుకోవాలని నా కోరిక. దానికి జవాబు కూడా నేనే చెప్పేస్తే ఇక వాళ్ళకు మిగిలేదేమిటి?

మరో గొడవ సంఖ్యది. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా 600 మందిని రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, ముందు వరుసలో అతిథులకు సోఫాలు వేసి, 45 నిమిషాలు ఉపన్యాసాలయ్యాక "కానివ్వండి మాష్టారూ" అన్న చోట్లున్నాయి. చేతి మైకు పట్టుకుంటే కండువాకు ఒక్క చెయ్యే మిగులుతుంది, అప్పుడు చేప ఈదదు. ఇప్పుడు నేను ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలనే, అదీ 100 మందికి మించకుండా అడుగుతున్నాను, అరుగో చెట్టునీడో చాలు. మిగతావాళ్ళ మాటేమిటంటే రెండోసారి ఆడతాను, అదే డబ్బుకు. ఆ రాత్రి కరక్కాయ చప్పరిస్తూ నా తెలివికి నేనే నవ్వుకుంటాను. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం కదా, అప్పటికి పిల్లలు ఒంటిపూట బడుల్లో, వార్షిక పరీక్షల్లో ఉంటారు. మన పండుగలో వాళ్ళకు చోటెప్పుడూ ఇలాగే దొరుకుతుంది.

నాటకం చివర కండువా నా రెండు చేతుల మధ్య బిగుసుకుని ధవళేశ్వరం బ్యారేజీ అవుతుంది. చేప దాని ముందుకొచ్చి ఆగుతుంది. నేను అక్కడే ఆపేసి కూర్చుంటాను. ముమ్మిడివరం దగ్గరి ఒక బడిలో అలా కూర్చుంటే చాలాసేపు ఎవరూ కదలలేదు. వెనక వరుస నుంచి ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "వరదొస్తే గేట్లన్నీ ఎత్తేస్తారు కదండి, అప్పటిదాకా ఆగమనండి" అన్నాడు. పక్కనున్నవాడు "అప్పుడు నీళ్ళు తోసేస్తాయిరా" అన్నాడు. "పక్కనుంచి వెళ్తుంది." "ఏ పక్క నుంచి?" అంతే, ఇద్దరూ లేచొచ్చి నా చేతుల్లోంచి కండువా లాక్కుని, చెరో కొసా పట్టుకున్నారు. అది 175 గేట్ల బ్యారేజీ, ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక అని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాడిని, అయినా నాకు ఎనిమిది నెలల్లో ఒక్కసారీ గేట్లు ఎత్తాలని తోచలేదు. బడి గంట కొట్టే వేళకు వాళ్ళు ఇంకా నేల మీద బొటనవేళ్ళతో గీతలు గీస్తూ, చేపను ఏ పాయలోంచి పంపాలో వాదించుకుంటూనే ఉన్నారు. కండువా ఇమ్మని అడగడానికి నాకు మనసొప్పక, అరుగు మీదే కూర్చుండిపోయాను.