ఎర్రకోటలో "ఏం లేదు" అనకండి ప్లీజ్

ఢిల్లీ వెళ్లొచ్చిన ప్రతివాళ్లదీ ఇదే మాట, ఎర్రకోటలో ఏం లేదు, ఎండలో నడవడమే, బయట ఫొటో దిగి వచ్చేయండి అని. మొన్న మేం వెళ్తే మా బావ కూడా లాహోరీ గేటు, ఛత్తా చౌక్ షాపులు, నగారాలు మోగించే నౌబత్ ఖానా దాటగానే "ఏముందిరా ఇందులో, గోడలూ గడ్డీ తప్ప" అనేశాడు. ప్రాణం ఉసూరుమంది నాకు.

ఏం లేకపోవడం ఏంటండీ, లేకుండా చేశారు! షాజహాన్ 1639లో మొదలుపెట్టించి 1648కి పూర్తి చేయించిన కోట, లోపల ఒక ఊరే ఉండేది. 1857 తిరుగుబాటు అణిచేశాక బ్రిటిష్ వాళ్లు లోపలి కట్టడాల్లో చాలావరకు పడగొట్టేసి సైనికుల కోసం బ్యారక్‌లు కట్టుకున్నారు. చక్రవర్తి జనానికి దర్శనమిచ్చే దివాన్-ఎ-ఆమ్ హాలు ముందు పచ్చగా లాన్ కనిపిస్తుందే, దాని చుట్టూతా వసారాలుండేవి, ఒక్కటీ మిగల్లేదు. కూల్చకముందు ఎలా ఉండేదో చూపించే మ్యాప్ అక్కడే నిలబెడితే జనానికి అర్థమవుతుంది కదా, నాకైతే ఎక్కడా కనపడలేదు.

చక్రవర్తి ముఖ్యులతో కొలువుదీరే హాలు దివాన్-ఎ-ఖాస్ దగ్గర చాలాసేపు నిలబడిపోయా. పాలరాతి స్తంభం మీద ఒక పువ్వు, కాడ ఉంది, ఆకులున్నాయి, రేకులుండాల్సిన చోట మాత్రం చిన్న చిన్న గుంటలు. పొదిగిన రాళ్లు ఎవరో పెకిలించుకుపోయారు. నెమలి సింహాసనం ఉన్నది ఈ హాల్లోనే, 1739లో పర్షియా రాజు నాదిర్ షా ఎత్తుకుపోయాడు, కోహినూర్ కూడా అప్పుడే పోయింది, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారే అదే. అంతఃపురం స్త్రీలుండే రంగ్ మహల్ మధ్యలోంచి యమున నీళ్లు పారిన కాలవ ఇప్పుడు ఎండిపోయి ఉంది, అందులో ఎవరో చిప్స్ ప్యాకెట్ పడేశారు. నేనే తీశా. ఇంకొక గోడ మీద పేర్లు గీకి, పక్కన లవ్ సింబల్ కూడా... ఎలా చేతులొస్తాయో వీళ్లకి.

ఇదే దివాన్-ఎ-ఖాస్‌లో 1858లో చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ని 1857 తిరుగుబాటు కేసులో ముద్దాయిగా నిలబెట్టారు, తాతముత్తాతలు దర్బారు చేసిన చోట, 82 ఏళ్ల ముసలాయన్ని. తర్వాత రంగూన్ పంపేశారు, 1862లో అక్కడే పోయాడు. మళ్లీ 1945లో నేతాజీ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్ ఆఫీసర్లు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద కోర్ట్ మార్షల్ పెట్టిందీ ఈ కోటలోనే. ప్రతి ఆగస్టు 15న టీవీలో చూసే జెండా ఇక్కడే ఎందుకు ఎగరేస్తారో ఇవన్నీ తెలిశాక చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇదంతా బావకి చెప్తూనే ఉన్నా, ఆయనేం మాట్లాడలేదు. బయటికొచ్చేటప్పుడు మాత్రం లాన్ దగ్గర ఆగి, "అయితే వసారాలు ఎక్కడిదాకా ఉండేవిరా" అని అడిగాడు.