వాస్తవాన్ని చెరిపేవాళ్లే ధ్రువీకరిస్తారట!

పుట్టినప్పుడు ఏ లింగం నమోదైందో పాస్‌పోర్టు మీద కూడా అదే ఉంటుందన్న ట్రంప్ ప్రభుత్వ విధానానికి అమెరికా సుప్రీంకోర్టు 2025 నవంబర్ 6న, గురువారం, దారి వదిలింది. కేసు ఇంకా తేలలేదు. మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు అదే ఏడాది ఈ విధానాన్ని ఆపింది. ఆ నిలుపుదలను పక్కన పడేయడానికి సుప్రీంకోర్టుకు న్యాయమూర్తి సంతకం కూడా లేని ఒక చిన్న ఉత్తర్వు సరిపోయింది. ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. మిగతావారు చెప్పిన కారణం మాత్రం వినితీరాలి. పుట్టిన దేశం పేరు వేయడం ఎలాంటిదో పుట్టినప్పటి లింగం వేయడమూ అలాంటిదేనట. ప్రభుత్వం కేవలం ఒక చారిత్రక వాస్తవాన్ని ధ్రువీకరిస్తోందట, ఎవరినీ వేరుగా చూడటం లేదట.

చారిత్రక వాస్తవం! ఈ మాటను ఎవరి తరఫున వాడుతున్నారో న్యాయమూర్తులు ఒక్కసారైనా ఆలోచించారా? 2025 మొదట్లో, జాతీయ ఉద్యానాలు, స్మారకాల బాగోగులు చూసే నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్ నుంచి నల్లజాతి పౌరహక్కుల న్యాయవాది పాలీ ముర్రే పేజీలను తీసేయించిన ప్రభుత్వమే ఇది. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల హక్కుల పోరాటానికి గుర్తుగా న్యూయార్క్‌లో ఉన్న స్టోన్‌వాల్ జాతీయ స్మారకం పేజీలో ట్రాన్స్‌జెండర్ల ఊసే లేకుండా అక్షరాలు కత్తిరించిన ప్రభుత్వమూ ఇదే. చరిత్రను ఒక చేత్తో చెరుపుతూ, రెండో చేత్తో చరిత్రకు సర్టిఫికెట్ ఇస్తామంటే నమ్మాలా?

అటువైపు వాదన తెలియనిదేం కాదు. పాస్‌పోర్టులో ఏముండాలో తేల్చే అధికారం ప్రభుత్వానిదేనని, స్త్రీల భద్రత కోసమే ఇదంతా అని అంటున్నారు. సరే, విన్నాం. గుర్తింపు పత్రం పని మనిషిని గుర్తు పట్టించడమే కదా? నిండుగా గడ్డం పెరిగిన, బొంగురు గొంతున్న మనిషి ఫొటో పక్కన స్త్రీ అని ముద్రిస్తే ఆ పత్రం ఎవరిని గుర్తు పట్టిస్తుంది? 1992 నుంచీ ఏదో ఒక రూపంలో వైద్యుల కాగితాల మీదో, 2021 తర్వాత సొంత ప్రకటన మీదో 2025 దాకా ఈ మార్పు జరుగుతూనే వచ్చింది. ఇన్నేళ్లలో ఆకాశమేమీ విరిగి మీద పడలేదు.

ఈ ఉత్తర్వు దెబ్బ అందరి మీదా ఒకేలా పడదు. కేసు వేసినవారిలో వెస్ట్ వర్జీనియాకు చెందిన ఒక ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు స్త్రీగా నమోదై పురుషుడిగా బతుకుతున్న మనిషి, ఉన్నారు. పత్రాల్లో ఒకచోట పురుషుడని, మరోచోట స్త్రీ అని ఉందని విమానాశ్రయ సిబ్బంది ఆయనవి దొంగ కాగితాలన్నారు. అదే అనుమానం నల్లజాతి మగవాడి మీద పడితే కథ అంతటితో ఆగుతుందా? నల్లజాతి ట్రాన్స్ పురుషులు ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. హార్మోన్లు మొదలై గొంతు మారి, గడ్డం వచ్చాక తెల్లజాతి ట్రాన్స్ పురుషుడికి ఆఫీసులో మాట విలువ పెరుగుతుంది. నల్లజాతివాడికి పెరిగేది నిఘా. నిన్నటిదాకా షాపులో పట్టించుకోని గార్డు ఇవాళ వెనకాలే నడుస్తాడు. లిఫ్టులో పక్కావిడ హ్యాండ్‌బ్యాగ్ చంకలోకి లాక్కుంటుంది. రాత్రిపూట కారు ఆపిన పోలీసు చేయి నడుము దగ్గరికి పోతుంది. జేబులోంచి పర్సు తీయడానికి కూడా ముందు చెప్పి, మెల్లగా తీయాలి. తీరా తీశాక ఆ కాగితంలో స్త్రీ అని ఉంటే? ఆ తర్వాతి నిమిషం ఎలా ఉంటుందో వాషింగ్టన్‌లో ఉత్తర్వులు రాసేవాళ్లకు పట్టదు.

2015లో అమెరికాలో 27 వేలమందికి పైగా ట్రాన్స్‌జెండర్లతో జరిపిన సర్వేలో నల్లజాతివారిలో 20 శాతం నిరుద్యోగులు, 38 శాతం పేదరికంలో ఉన్నారని తేలింది. సాయం కావాలంటే పోలీసుల దగ్గరికి వెళ్లడానికి జంకుతామని 67 శాతం చెప్పారు. ఎందుకు జంకరు?

ఫ్లోరిడా రాజధాని టల్లహసీలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు. 2020 మే 27. మినియాపొలిస్‌లో నల్లజాతికి చెందిన జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో చనిపోయి రెండు రోజులే అయింది. 38 ఏళ్ల నల్లజాతి ట్రాన్స్ పురుషుడు టోనీ మెక్‌డేడ్‌ను పోలీసు కాల్చి చంపాడు. మెక్‌డేడ్ అమాయకుడని మేం వాదించడం లేదు. ఆ రోజే జరిగిన ఒక కత్తిపోటు హత్యలో ఆయన అనుమానితుడు. తుపాకీ గురిపెట్టాడని పోలీసులు చెప్పారు, కాల్పులు సమంజసమేనని గ్రాండ్ జ్యూరీ సెప్టెంబరులో తేల్చింది. కానీ ఆ తర్వాత రికార్డుల్లో నడిచిన తంతు చూడండి. చనిపోయిన మనిషిని పోలీసులు మొదట స్త్రీగా ప్రకటించారు. ఆయన ఎవరిగా బతికారో దానికి విలువ లేదు. మరి కాల్చిన పోలీసు పేరో? అది మాత్రం పరమ రహస్యం! నేర బాధితుల గోప్యత కోసం ఫ్లోరిడా ఓటర్లు 2018లో ఆమోదించిన, మార్సీ చట్టంగా పిలిచే రాష్ట్ర రాజ్యాంగ సవరణను పోలీసు సంఘం అడ్డం పెట్టుకుంది. తన మీద తుపాకీ గురిపెట్టారు కాబట్టి కాల్చినవాడే బాధితుడని వాదించింది. 2021లో అప్పీలు కోర్టు తలూపింది కూడా. అది కుదరదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చడానికి 2023 నవంబరు దాకా పట్టింది.

ఒక కంట్లో వెన్న, మరో కంట్లో సున్నం అంటే ఇదే. తుపాకీ పట్టిన ప్రభుత్వోద్యోగి పేరుకు మూడున్నరేళ్లు రాజ్యాంగ సవరణ కాపలా. తూటాలు తగిలిన నల్లజాతి ట్రాన్స్ పురుషుడి పేరు పోలీసు ప్రకటనలో ఒక్క రోజు కూడా సరిగ్గా నిలబడలేదు. చారిత్రక వాస్తవం మీద ఇప్పుడు పొంగిపొర్లుతున్న ప్రేమ అప్పుడెక్కడికి పోయింది?

ఇక పాలీ ముర్రే సంగతి. 1910లో పుట్టి, నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పెరిగారు. నల్లజాతి కనుక 1938లో సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయం తలుపు మూసింది. 1944లో హోవర్డ్ లా స్కూల్‌లో క్లాసు ఫస్ట్ వచ్చి పై చదువుకు దరఖాస్తు పెడితే, స్త్రీ అని చెప్పి హార్వర్డ్ తలుపు మూసింది. అప్పుడు ముర్రే రాసిన జవాబు నేటికీ న్యాయ విద్యార్థులు చెప్పుకుంటారు. మీ నిబంధనకు సరిపోయేలా నా లింగాన్ని సంతోషంగా మార్చుకుందును గానీ ఆ దారి నాకింకా తెలియలేదు, కాబట్టి మీరే మనసు మార్చుకోవాలని వేడుకోవడం తప్ప నాకు గత్యంతరం లేదని రాశారు. చదివినవాళ్లు చమత్కారం అనుకున్నారు. అదే ముర్రే అప్పటికి కొన్నేళ్లుగా డాక్టర్ల చుట్టూ తిరుగుతూ పురుష హార్మోన్లు ఇవ్వమని, తన శరీరంలో మగ లక్షణాలు దాగి ఉన్నాయేమో పరీక్షించమని బతిమాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు. ఏ డాక్టరూ ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాలను ముర్రే చింపేయలేదు. జాగ్రత్తగా దాచారు. ఇప్పుడవి ఎక్కడున్నాయంటే, తలుపు మూసిన ఆ హార్వర్డ్ గ్రంథాలయంలోనే.

ముర్రే ఇవాళ ఉంటే తనను ట్రాన్స్ పురుషుడని చెప్పుకునేవారా, మరోలా చెప్పుకునేవారా అని పరిశోధకులు వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనివ్వండి. వాదించుకోవడానికి కాగితాలు మిగలాలి కదా!

ఆ మనిషి చేసిన పని ఎంత? బస్సులో విరిగిన వెనక సీటులోకి వెళ్లమంటే ఒప్పుకోక 1940లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో అరెస్టయ్యారు. అప్పటికే గాంధీ సత్యాగ్రహాన్ని చదివి, దాన్ని అమెరికా దక్షిణాదిలో ఎలా వాడాలా అని ఆలోచిస్తున్నారు. రాష్ట్రాల వర్ణవివక్ష చట్టాలన్నీ పోగేసి 1951లో వేసిన పుస్తకం, బడుల్లో వేర్పాటును కూల్చిన న్యాయవాదులకు చేతిపుస్తకమైంది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టంలో లింగం అన్న మాట ఊడిపోకుండా ఉండాలని మెమో రాసి పోరాడారు. లింగవివక్షపై 1971లో సుప్రీంకోర్టులో వేసిన వాదనపత్రం మీద, తర్వాత అదే కోర్టులో న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ కృతజ్ఞతగా ముర్రే పేరు కూడా చేర్చారు. ముర్రే కాపాడిన ఆ ఒక్క మాట ఆధారంగానే 2020 జూన్‌లో సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. అందుకు ఎనిమిదేళ్ల ముందు కైలర్ బ్రాడస్ అనే నల్లజాతి ట్రాన్స్ పురుషుడు సెనేట్ కమిటీ ముందు కూర్చుని తన ఉద్యోగం ఎలా ఊడిందో చెప్పారు. తాను ట్రాన్స్ అని బాహాటంగా చెప్పుకుని సెనేట్ ముందు సాక్ష్యమిచ్చిన మొదటి మనిషి ఆయనే. ముర్రే వేసిన బాటలోనే ఆయన నడిచారు.

2024లో అమెరికా టంకశాల ముర్రే ముఖంతో పావు డాలరు నాణెం వేసింది. కళ్లజోడుతో ఉన్న ఆ ముఖం ఆశ అనే అర్థమున్న ఆంగ్ల పదం అక్షరాల మధ్యలోంచి చూస్తుంది. స్త్రీల నాణేల వరుసలో వేయడం సబబా అన్నది వేరే చర్చ. ఏడాది తిరిగేసరికి గద్దెనెక్కిన ట్రంప్ ప్రభుత్వం వెబ్ పేజీలు పీకేసింది. ముర్రే పెరిగిన ఇంటిని నిలబెట్టుకుంటున్న డర్హమ్ కేంద్రం ఆ సంగతి బయటపెట్టకపోతే ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆ కేంద్రానికి రావాల్సిన ఫెడరల్ గ్రాంటునూ కోసేశారు. నాణెం మీద ముఖం కావాలి, వాదనల్లో బుర్ర కావాలి, బస్సులో చూపిన తెగువ కావాలి. ఆ మనిషి తన గురించి తాను రాసుకున్నది మాత్రం వద్దు. దీన్ని చరిత్రను ధ్రువీకరించడం అనరు. దోచుకోవడం అంటారు.

ఇది ఎక్కడో అమెరికాలో నల్లజాతి ట్రాన్స్ పురుషుల గొడవ, మనకెందుకని అనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. పాస్‌పోర్టు విధానానికి మూలమైన ఉత్తర్వు మీద ట్రంప్ సంతకం చేసింది 2025 జనవరి 20న. అదే రోజు అదే కలంతో మరో ఉత్తర్వు మీద కూడా సంతకం చేశారు. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు అమెరికా గడ్డ మీద పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఇవ్వరాదని చెప్పే ఉత్తర్వు అది. 2025లో కోర్టులు దాన్ని ఆపాయి. ఆ పిల్లలకు రక్షణగా నిలిచిన 14వ రాజ్యాంగ సవరణ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి కోసం 1868లో వచ్చింది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పుట్టిన మన పిల్లల బర్త్ సర్టిఫికెట్ విలువను ఒక సంతకంతో తేల్చాలనుకునే ప్రభుత్వానికి, ఒక మనిషి ఎవరో తనే తేలుస్తానని చెప్పే అధికారం కోర్టు ఇచ్చింది. ఇవాళ ఒకరి పత్రం మీద ప్రయోగం జరిగితే రేపు మరొకరి పత్రం మీద జరుగుతుంది. పుట్టుక రికార్డును తమకు నచ్చినప్పుడు దైవవాక్కుగా, నచ్చనప్పుడు చిత్తు కాగితంగా చూసే బుద్ధి ఒకసారి కోర్టు ముద్ర వేయించుకుంటే అది ఒక్క వర్గం దగ్గర ఆగదు.

ప్రభుత్వ రిజిస్టర్లు ఏం చేయగలవో హైదరాబాద్‌కు చెప్పాల్సిన పని లేదు. నపుంసకుల పేర్లు, ఇళ్లు నమోదు చేసి నిఘా పెట్టమన్న 1919 నాటి నిజాం చట్టం 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో అలాగే పడి ఉంది. నూటనాలుగేళ్లు! రికార్డు పేరుతో ఒకసారి వేసిన ముడి విప్పడానికి ఎన్ని తరాలు పడుతుందో అమెరికా న్యాయమూర్తులు ఇక్కడికొచ్చి చూసి పోవచ్చు.

ఇప్పటికే సరైన పాస్‌పోర్టు ఉన్నవారివి గడువు తీరేదాకా చెల్లుతాయని విదేశాంగ శాఖ అంటోంది. గడువు తీరాక? ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడే నల్లజాతి ట్రాన్స్ పురుషుడికి రెండే దారులు. తన మొహాన్ని అబద్ధమనే కాగితం పుచ్చుకోవాలి, లేదంటే ప్రయాణం మానుకోవాలి. ప్రభుత్వం ఎవరినీ వేరుగా చూడటం లేదని రాసిన న్యాయమూర్తుల్లో ఎవరికైనా ఈ బెడద ఉందా?

అసలు కేసు కింది కోర్టుల్లో ఇంకా నడుస్తుంది. ప్రభుత్వ న్యాయవాదులు మళ్లీ వచ్చి చారిత్రక వాస్తవం అనే పాటే పాడతారు. వాళ్లు నోరు తెరిచే ముందు న్యాయమూర్తి ఒక్క ప్రశ్న వేయాలి. చరిత్ర మీద అంత భక్తి ఉంటే పాలీ ముర్రే పేజీలు ఎందుకు పీకేశారు, ఎప్పుడు తిరిగి పెడతారు? జవాబు లేకపోతే నోరు మూసుకుని కూర్చోమని చెప్పాలి.