మ్యాప్స్ వాడితే మెదడు ఎండిపోతుందా?

నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దారులు తెలిసే తెలివి పుట్టుకతోనే రావాలట. రోజూ పోయే రూట్లో కళ్లు మూసుకొని పోగలవాడికే అది ఉన్నట్టట. ఫోన్లో మ్యాప్స్ పెట్టుకుంటే మెదడులో ఆ భాగం ఎండిపోయి మళ్లీ కోలుకోదట. మూడూ తప్పే. అసలు తికమకంతా రెండో మాటలో ఉంది కాబట్టి ముందు అది చూద్దాం.

బస్టాండు నుంచి క్లాక్ టవర్ మీదుగా రోజూ ఆటో నడిపే ఆయనకు ఆ మలుపులు చేతికే అలవాటవుతాయి. ఆ అలవాటును నడిపించేది మెదడు లోపలి కాడేట్ అనే భాగం. నిమజ్జనం రోజు టవర్ దగ్గర బారికేడ్లు పెట్టారంటే ఆ అలవాటు అక్కరకు రాదు. "అమ్మా, ఇటు పోనియ్యరు, వెనక సందులకెళ్లి తీసుకపోత" అని ఆయన హ్యాండిల్ తిప్పాడంటే, అప్పుడు పని చేస్తున్నది మెదడులోనే హిప్పోకాంపస్ అనే మరో భాగం. ఏ వీధి ఎక్కడ కలుస్తుందో పటంలా పట్టి ఉంచేది అదే. ఒక చోటికి చేరినప్పుడే స్పందించే కణాలు అందులో ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో చూపించారు. పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో దూరాలను, దిశలను గళ్లుగా కొలిచే కణాలను 2005లో మోసర్ దంపతుల బృందం కనుక్కొంది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది.

ఇక పుట్టుక సంగతి. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే దాదాపు 25,000 వీధులు నేర్చుకోవాలి. అలా నేర్చుకుంటున్న 79 మందిని మొదట్లో ఒకసారి, మూడు నాలుగేళ్ల తర్వాత మరోసారి స్కాన్ చేశారు. పాసైన 39 మందిలో హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది. మొదటి స్కాన్‌లో వాళ్లకూ మిగతావాళ్లకూ తేడా లేదు. 2011లో వచ్చిన ఈ ఫలితం చాలదా? పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, "నీకు దారులు రావు" అని కూర్చోబెట్టకండి.

మ్యాప్స్ మాటలో కొంత నిజం ఉంది. ఫోన్ చెప్పినట్టు తిరిగేటప్పుడు హిప్పోకాంపస్‌కు పెద్దగా పని పడదని 2017లో తేలింది. ఎక్కువగా వాడేవాళ్లకు దారుల జ్ఞాపకం తక్కువని 2020లో 50 మంది డ్రైవర్లపై చేసిన అధ్యయనం చెప్పింది. కానీ అక్కడ పరీక్షించింది జ్ఞాపకాన్ని, మెదడు సైజును కాదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఇంట్లో పెద్దాయన తెలిసిన వీధిలోనే తప్పిపోతుంటే, ఈ మెసేజ్ చదివినవాళ్లు ఫోన్‌ను తిట్టి ఊరుకుంటారు. మతిమరుపు జబ్బు అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతీసే చోట్లలో, పైన చెప్పిన ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. ఆయన్ను వెంటనే న్యూరాలజీ డాక్టరుకు చూపించాలి.