సవరణ: చిగుళ్ల జబ్బు, కొలెస్ట్రాల్

చిగుళ్లకు వైద్యం చేయించుకుంటే కొలెస్ట్రాల్ దానంతట అదే దిగివస్తుందని గత వారం రాశాను. అది తప్పు. ముదిరిన చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఎక్కువగా, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువగా కనిపించడం నిజమే. కానీ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదు. మధుమేహం, పొగతాగడం, ఊబకాయం రెండింటినీ పెంచగలవు.

అలాగని సంబంధాన్ని కొట్టిపారేయలేం. చిగుళ్లలో తిష్ఠవేసిన సూక్ష్మజీవుల వల్ల పుట్టే వాపు రసాయనాలు రక్తంలోకి చేరి, కాలేయంలో కొవ్వుల తయారీని మార్చగలవు. నేను దారి చూపించి, గమ్యం చేరినట్టే రాసేశాను. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది కూడా ఇంతే: చిగుళ్ల జబ్బుకూ రక్తనాళాల జబ్బుకూ సంబంధం ఉంది, ఒకటి రెండోదానికి కారణమనడానికి మాత్రం రుజువు లేదు.

ఇంకో పొరపాటు, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కొలెస్ట్రాల్ మాత్రలతో చిగుళ్లు ఉబ్బుతాయన్నాను. కొందరిలో అలా ఉబ్బేలా చేసేది రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు కావు. నా మాట నమ్మి స్టాటిన్ ఆపేసినవారు ఉంటే వెంటనే మీ డాక్టరుతో మాట్లాడండి. ఆమ్లోడిపిన్ కూడా సొంతంగా మానకండి.