రెండో పుస్తకం దాటేయమన్నవాళ్లకు

"లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో రెండో పుస్తకం వేస్ట్. అమ్ముకోవడానికి కథను మూడు ముక్కలు చేసి మధ్యలో సాగదీశారు. హీరో సగం పుస్తకం కనపడడు. పేర్లు గుర్తుండవు. రెండో సినిమా చూసేసి మూడో పుస్తకం పట్టుకోండి, చాలు."

ఈ మెసేజ్ బెజవాడలో పుస్తకాలు చదివే మా వాళ్లందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. నేనేమీ ఆ రెండో పుస్తకం 'ద టూ టవర్స్'కి వీరాభిమానిని కాదు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో కొన్న కాపీ, సగంలో రెండుసార్లు ఆపేశాను. అయినా ఈ సలహా తప్పే.

అమ్ముకోవడానికి సాగదీశారన్నది తలకిందుల మాట. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ రాసింది ఒకే నవల, లోపల ఆరు భాగాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో కాగితం ఖరీదు, అంత లావు పుస్తకం అమ్ముడుపోదేమోనన్న భయం వల్ల పబ్లిషర్లు దాన్ని మూడు సంపుటాలు చేశారు. 1954 జులైలో ఒకటి, నవంబరులో ఒకటి, 1955 అక్టోబరులో ఆఖరిది. మూడో భాగం, నాలుగో భాగం ఒక అట్టలో పెడితే అది టూ టవర్స్ అయింది. ఆయన విడిగా మధ్య పుస్తకమంటూ రాస్తే కదా సాగదీయడానికి!

హీరో కనపడడన్నది నిజం. మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరిన హీరో ఫ్రోడో మొదటి 11 అధ్యాయాల్లో లేడు, తర్వాతి 10లో మిగతావాళ్లు లేరు. మాంత్రికుడు శారుమాన్ మాటల గారడీ చదివి మంచి ఊపులో ఉండగా, పేజీ తిప్పితే రాళ్లలో దారి తప్పిన ఇద్దరు హాబిట్లు, అంటే పొట్టి మనుషులు: ఫ్రోడో, అతని తోడు శామ్. నేను ఆపేసింది అక్కడే. కానీ ఫ్రోడో ఏమయ్యాడో విడిపోయిన సహచరుడు ఆరగార్న్‌కి తెలియదు, మనకీ తెలియదు. సినిమాలో అటు కాసేపు ఇటు కాసేపు చూపించడంతో ఆ టెన్షన్ పోయింది.

పేర్ల సంగతా? చిత్రాంగదుడు, చిత్రాంగద, విచిత్రవీర్యుడు, చిత్రసేనుడు... వీళ్లను గుర్తుపెట్టుకున్నవాళ్లం మనం.

ఇక అసలు చిక్కు సినిమాతో. పుస్తకం ఆగిన చోట సినిమా ఆగదు. హెల్మ్స్ డీప్ కోట యుద్ధం పుస్తకంలో ఒక్క అధ్యాయం, సినిమాకి అదే పతాక సన్నివేశం. పుస్తకంలో ఫ్రోడోను పట్టుకున్న సేనాని ఫారామిర్ ఉంగరానికి ఆశపడకుండా అతణ్ని వదిలేస్తాడు. సినిమాలో ఆస్గిలియాత్ నగరం దాకా లాక్కెళ్తాడు. ఆ మనిషి నాకు నచ్చింది పుస్తకంలోనే. షెలాబ్ అనే సాలీడు ఫ్రోడోను కుట్టడం, చనిపోయాడనుకుని శామ్ ఉంగరం తీసుకోవడం, తీరా బతికే ఉన్నాడని తెలిసేసరికి శత్రువులు మోసుకుపోవడం, ఇవన్నీ రెండో పుస్తకం చివర్లో ఉన్నాయి. సినిమాల్లో మాత్రం మూడోదానికి జరిపారు.

నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ మిగిలిన ముక్క కోసం ఎర్రన పూనుకోవాల్సి వచ్చింది. ఈ మెసేజ్ రాసినాయన అప్పుడుంటే ఎర్రనకి ఆ శ్రమ తప్పించేవాడు.

గుంటూరులో మా మేనల్లుడు ఈ సలహానే పాటించాడు. రెండు సినిమాలు చూసి మూడో పుస్తకం మొదలుపెట్టాడు. సగం దాకా ఫ్రోడో జాడ లేదు. తర్వాత శామ్ ఒక్కడే చీకట్లో కింద పడి ఉన్నాడు. "మావయ్యా, ఫ్రోడో ఎప్పుడు దొరికిపోయాడు? నా కాపీలో పేజీలు చిరిగిపోయాయా?" అని ఫోన్. ఆదివారం బస్సెక్కి వచ్చి నా టూ టవర్స్ పట్టుకెళ్లాడు. ఇంకా తిరిగివ్వలేదు.