మా శేషు పాము కాదు మహాప్రభో

మొన్న మంగళవారం రాత్రి రెండు గంటల పది నిమిషాలకు నేను డాలస్ శివారులోని మా అపార్ట్‌మెంటు గుమ్మం పక్కన, చెప్పుల అర ముందు, కార్పెట్ మీద బోర్లా పడుకొని ఉన్నాను. ఆ భంగిమకు దారితీసిన పరిస్థితులను గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో నా తెలివితక్కువతనం తప్ప వేరే విశేషం లేదు.

మా హాల్లో 75 గ్యాలన్ల, అంటే సుమారు 284 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులోని పగడాల మధ్య, రాళ్ళ సందుల్లో, ఇరవై అంగుళాల స్నోఫ్లేక్ మోరే ఈల్ అనే పాములాంటి చేప ఒకటి ఏడు నెలలుగా కాపురం చేస్తోంది. తెల్లని ఒంటి మీద సిరా ఒలికినట్టు నల్లని మచ్చలు, ఆ మచ్చల్లో పసుపు చుక్కలు ఉన్న ఆ ప్రాణికి మా ఆవిడ ముద్దుగా శేషు అని పేరు పెట్టింది. ఆ పేరు మా కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఈ జాతి ఈల్ పగడాల జోలికి పోదు, రొయ్యలనూ పీతలనూ మాత్రం వదలదు. దానికి ఉన్న మరో దుర్గుణం పారిపోవడం. ఈల్‌ను పెంచేవారు ఎవరైనా మొదట చెప్పే మాట మూత గట్టిగా ఉండాలనే. నేను కూడా ఆ మాటను పదిమందికి చెప్పి, ట్యాంకుకు వలమూత బిగించి, పైపు కోసం దానికి అంగుళంన్నర కన్నం పెట్టి, పైపు చుట్టూ మిగిలిన సందును టేపుతో అతికించాను. ఉప్పునీటి ఆవిరికి టేపు నిలవదని వేరే చెప్పనవసరం లేదు.

అత్తగారు అమలాపురం నుంచి దిగే నాటికి శేషు నిరాహార దీక్షలో మూడో వారం నడుస్తోంది. మోరే ఈల్‌లు వారాల తరబడి తినకుండా ఉండగలవని చదివి ధైర్యం తెచ్చుకున్నాను గానీ, రోజూ రాత్రి పొడవాటి పటకారుతో స్క్విడ్ ముక్కను దాని ముక్కు దగ్గర ఊపుతూ బతిమాలడం మానలేదు. పటకారు ఎందుకంటే, దానికి చూపు అంతంతమాత్రం, వేటంతా వాసనతోనే కాబట్టి, చేతికి రొయ్య వాసన అంటితే వేలికీ రొయ్యకూ తేడా చూడదు. అత్తగారు సూట్‌కేసులో రెండు కిలోల ఎండు రొయ్యలు తెచ్చారు. ఆ వాసన కార్పెట్‌కు పడితే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ తిరిగి రాదన్న భయంతో మా ఆవిడ ఆ సంచిని వంటింట్లోకి రానివ్వక, చెప్పుల అర అడుగుకు బహిష్కరించింది.

ఇక ఆ రాత్రి సంగతి. అమెరికా వచ్చి ఐదు రోజులే కావడంతో అత్తగారికి పగలూ రాత్రీ ఇంకా తారుమారుగానే ఉన్నాయి. నిద్ర పట్టక, తన రొయ్యలకు పురుగు పట్టిందేమో చూద్దామని వెళ్ళి అర తలుపు తీశారు. "పాము!" అన్న కేకకు నేను లేచాను. నాకంటే ముందే లేచిన మా ఆవిడ అపార్ట్‌మెంటు వారి అత్యవసర ఫోను నంబరుకు ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పేసింది. ఈ వేగాన్ని తరవాత మీరు గుర్తు పెట్టుకోవాలి.

నేను బోర్లా పడుకొని లోపలికి చూస్తే, శేషు తోక నా ఆఫీసు బూటులో ఉంది, నడుము మా ఆవిడ చెప్పుల మీద ఉంది, తల ఎండు రొయ్యల సంచిలో ఉంది. ఒంటినిండా కార్పెట్ నూగు అంటుకొని, పాత పరుపులోంచి లాగిన దూది తాడులా ఉంది. నేను టార్చి వెయ్యగానే తల బయటికి తీసి, నా వైపు తిరిగి, నోరు తెరిచి మూసింది. మోరే ఈల్ నోరు తెరిచి మూయడం కోపం కాదని, మొప్పలకు నీరు పంపుకోవడానికే అలా చేస్తుందని ఇంటికి వచ్చిన ప్రతి అతిథికీ ఏడు నెలలుగా ఉపన్యాసం ఇస్తున్నవాడిని నేనే. అయితే ఆ ఉపన్యాసమంతా అద్దానికి ఇవతలి నుంచి ఇచ్చింది. నా ముక్కుకూ దాని ముక్కుకూ మధ్య జానెడు దూరమే మిగిలినప్పుడు నాకు గుర్తొచ్చినది మొప్పలు కాదు, 2007లో రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ అనే కాలిఫోర్నియా పరిశోధకులు వెల్లడించిన సంగతి. మోరే ఈల్ గొంతులో మరో జత దవడలు ఉంటాయి, నోట చిక్కిన ఎరను అవి ముందుకు దూసుకొచ్చి పట్టుకొని లోపలికి లాక్కుపోతాయి.

నా కళ్ళ ముందే శేషు మళ్ళీ సంచిలో తల పెట్టి ఒక ఎండు రొయ్యను పట్టుకుంది. ఎత్తి, తల విదిలించి, ఒక్క చుక్క నీటి సాయం లేకుండా మింగేసింది. చాలా చేపలు నోట్లోని ఆహారాన్ని నీటి ఒరవడితోనే గొంతులోకి తోసుకుంటాయి కాబట్టి నేల మీద మింగలేవు. ఈ స్నోఫ్లేక్ మోరే మాత్రం ఆ రెండో దవడల పుణ్యమా అని పొడి నేల మీదా మింగగలదని అదే మెహతా గారు మరొకరితో కలిసి 2021లో నిరూపించారు. ఆవిడ దానికోసం ఈల్‌లకు వాలుబల్ల ఎక్కడం నేర్పించి మరీ ప్రయోగాలు చేశారు. అదే ప్రయోగం మా చెప్పుల అరలో తనంతట తానే జరిగిపోతుంటే, నేను మాత్రం మూడు వారాలుగా దాని ముందు ఊపి పారేసిన స్క్విడ్ ముక్కల ఖర్చును లెక్క వేసుకుంటూ ఉండిపోయాను.

"పాము కాదండీ బాబూ, మలుగుపాము" అన్నారు అత్తగారు నా భుజం మీదుగా తొంగిచూసి, ఊరట పడ్డ గొంతుతో. పాము అయితే భయపడాలి, మలుగుపాము అయితే పట్టుకోవాలి అన్నది ఆవిడ పుట్టిపెరిగిన కాలవగట్టు నేర్పిన విద్య. జారిపోయే చేపను ఉత్త చేతులతో పట్టేవాడు వెర్రివాడని, చేతికి బూడిద రాసుకోవాలని చెప్పి లోపలికి వెళ్ళారు. గ్యాసు కూడా లేని కరెంటు పొయ్యిల కొంపలో బూడిద ఎక్కడ దొరుకుతుందని నేను అనుకునేలోగా, దేవుడి అరలోంచి విభూతి పొట్లం పట్టుకొని వచ్చారు.

ఇక్కడ మా మధ్య ఒక శాస్త్రచర్చ జరిగింది. దీనికి పొలుసులు ఉండవనీ, ఒంటి మీద జిగురే దీనికి కవచమనీ, బూడిదతో ఆ జిగురు తుడిచిపెట్టుకుపోతే రోగం పట్టుకుంటుందనీ నేను నేల మీద పడుకునే వివరించాను. "జిగురు పోవాలనే కదా అల్లుడుగారూ బూడిద" అన్నారు ఆవిడ. ఆవిడ దృష్టిలో ఆ తరవాత పని పులుసే కాబట్టి ఆ వాదనలో లోపమేమీ లేదు. నీళ్ళలో ఉండే ప్రాణికి గాలిలో వచ్చే రొయ్యల వాసన ఎలా తెలిసిందన్న ఆవిడ తరవాతి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఈ చర్చ సాగినంతసేపూ శేషు రొయ్య తరవాత రొయ్య తింటూనే ఉంది. నాలుగోది తిన్నాక తువాలు తడపాలన్న జ్ఞానం నాకు కలిగింది.

తడి తువాలు, బకెట్టు, మోచేతికి కార్పెట్ గీరుడు, మూత మీద నాలుగు లావుపాటి పుస్తకాలు. శేషు తన రాతిగుహలోకి దూరి, ఏమీ ఎరగనట్టు తల బయట పెట్టింది.

సరిగ్గా అప్పుడు తలుపు తట్టారు. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కొక్కెం ఉన్న కర్రతో పాములు పట్టే మనిషి నిలబడి ఉన్నాడు. మా వంటింటి కుళాయి కారుతోందని ఫోను చేస్తే పదకొండు రోజులకు మనిషిని పంపిన ఆఫీసు వారు, లేని పాముకు ముప్పై ఐదు నిమిషాల్లో పంపారు. అతను మర్యాదస్తుడు. ట్యాంకు ముందు నిలబడి కొంతసేపు చూసి, బాగుందని మెచ్చుకొని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున 185 డాలర్ల బిల్లు వచ్చింది. "పని వేళల తరవాత సరీసృపం తొలగింపు" అని అందులో రాశారు. తొలగించినది నేను, అది కూడా బూటులోంచి. బిల్లుతో పాటు, అనుమతి లేని పామును ఉంచుకున్నందుకు ఏడు రోజుల నోటీసు కూడా జత చేశారు.

ఆఫీసుకు వెళ్ళి, అది చేప అనీ, చేపల ట్యాంకుకు ఇదే ఆఫీసు సంతకం పెట్టి అనుమతి ఇచ్చిందనీ, దానికోసం బీమా కూడా కడుతున్నాననీ చెప్పాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫోటో చూసి, "ఇది పాములా ఉంది" అంది. మొప్పలు చూపించాను. మోరే ఈల్‌కు మొప్పల చోట చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది కాబట్టి అది ఆమెకు మరో మచ్చలా కనిపించింది. పక్క రెక్కలు చూపిద్దామంటే ఈ కుటుంబానికి అవి ఉండవు. వీపు పొడవునా ఉన్న రెక్కను చూపిస్తే, అది చర్మం మడత కాదని రుజువేమిటని అడిగింది. ఈలోగా మా ఆవిడ, సాయం చేద్దామన్న సదుద్దేశంతో, దాని పేరు శేషు అని చెప్పి, ఆ పేరుకు అర్థం అడిగితే ఆదిశేషుడి కథ అంతా వివరించింది. ఆమె "స్నేక్" అన్న మాటను కంప్యూటర్లో రెండోసారి కొట్టడం నేను నా చెవులతో విన్నాను.

నోటీసు రద్దు కావాలంటే పెంపుడు జంతువుల పత్రం నింపాలట. కుక్క, పిల్లి, పక్షి, సరీసృపం, ఇతరములు అని గళ్ళు ఉన్నాయి. చేప అన్న గడి లేదు. ఇతరములు నొక్కితే రేబిస్ టీకా వేయించిన తేదీ అడుగుతుంది, అది ఖాళీగా వదిలేస్తే ముందుకు కదలదు. దాన్ని దాటించడానికి పశువైద్యుడి ఉత్తరం సంపాదించాను. అది దాటాక శేషు బరువును పౌన్లలోనూ ఔన్సులలోనూ అడుగుతోంది. తూకం వేసేటప్పుడు జంతువు కాటా మీద కదలకుండా ఉండగా పక్క నుంచి ఒక ఫోటో తీసి జతపరచాలని కింద చిన్న అక్షరాలలో ఉంది. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. అత్తగారు వంటింటి కాటాను శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టారు. దాని పక్కనే విభూతి పొట్లం కూడా పెట్టారు.