ఒక మాప్ తగ్గింది సార్

ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజీలో చేరిన పిల్లలకు తొలిరోజు నేర్పాల్సింది చేతులు కడుక్కోవడమని పాఠ్యపుస్తకాలు అంటాయి. పుస్తకాలకేం, వాటినెవరూ కేసు మధ్యలో బయటికి పొమ్మనలేదు. థియేటర్ గడప దాటినవాడు ముందు నేర్చుకోవాల్సింది నోరు కట్టేసుకోవడం. మాస్కుకు నాలుగు తాళ్లు పెట్టింది ఊరికే కాదు.

దీని వెనక శాస్త్రం ఉంది. సూక్ష్మజీవుల్లో మహా మొండివి జియోబాసిల్లస్ స్పోర్లు, అంటే ఆ బ్యాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపం. సామానులోని క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ నిజంగా పనిచేసిందా లేదా తేల్చడానికి వాటినే లోపల పెట్టి చూస్తారు. 121 డిగ్రీల ఆవిరిలో, 15 పౌన్ల ఒత్తిడిలో అరగంట ఉంచితే అవి కూడా చస్తాయి. ఫస్టియర్ పిల్లాడి నోట్లోని 'ఎందుకు సార్?' మాత్రం 134 డిగ్రీలకు కూడా లొంగదు. అదే ఒక సీనియర్ కంటిచూపు, నలుగురిలో ఒక చీవాటు పడిందంటే రెండో వారానికల్లా పిల్లాడు లోపలా బయటా స్టెరైల్ (క్రిమిరహితం) అయిపోతాడు.

చేతుల సంగతికొద్దాం. ఉంగరం, వాచీ, గాజులు తీసేయాలి. గోళ్లకు రంగుండకూడదు. ఇంతవరకు పేచీ లేదు. మణికట్టున ఉన్న ఎర్రదారం దగ్గరికొచ్చేసరికి థియేటరంతా భక్తిగా తల పక్కకు తిప్పుకుంటుంది. ఏ కొండ మీదో కట్టించుకున్న దారం అది. మూడు నెలలుగా నానుతూ, ఆరుతూ, మళ్లీ నానుతూ ఉంది. దాన్ని ముంజేతి పైకి నెట్టి బెటాడిన్ రుద్దితే దేవుడికీ, ఆపరేషన్లలో క్రిములను చంపడం నేర్పిన లిస్టర్‌కీ సమన్యాయం చేసినట్టే. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా మూడు నుంచి ఐదు నిమిషాలు రుద్దాలి. చేతులు మోచేతుల కంటే ఎత్తులో ఉండాలి, నీళ్లు మోచేతి నుంచే కారాలి, మోచెయ్యి కుళాయికి తగిలితే మళ్లీ మొదటికే. ఇదంతా గడియారం చూసి చేసే పని. మన దగ్గర మాత్రం సర్జన్ ఫోనులో ఎంతసేపు మాట్లాడితే అంతసేపు.

గౌను తొడుక్కోగానే మనిషంతా శుభ్రమైపోయాడనుకోవడం కొత్తవాళ్ల భ్రమ. ముందువైపు ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు దాకా, చేతులు మోచేతికి రెండంగుళాల పై దాకా, స్టెరైల్ రాజ్యం అంతే. వీపు పరాయి దేశం. చంకలూ అంతే. ఏసీ చలికి గ్లవ్స్ చేతులు చంకల్లో దోపుకున్న కుర్రాడు గౌనూ గ్లవ్సూ రెండూ మార్చుకోవాల్సిందే. మరి ఎవరూ చూడలేదనుకోండి? రూలు ప్రకారం వాడే నోరు తెరిచి 'అన్‌స్టెరైల్ అయ్యాను' అనాలి. అన్నాడా, గౌను దండగ చేసినందుకు తిట్లు. అనలేదా, చురుకైన కుర్రాడు. కుట్ల దగ్గర చీము పట్టేది ఐదారు రోజుల తర్వాత, అప్పటికి వాడి డ్యూటీ వేరే థియేటర్లో.

స్క్రబ్ కానివాళ్లు, అంటే చేతులు రుద్దుకుని గౌను తొడుక్కోనివాళ్లు, స్టెరైల్ ట్రాలీకి అడుగు దూరంలో ఉండాలన్న సూత్రం మనుషులకే గానీ ఫోన్లకు కాదు. సర్జన్ ఫోను మోగితే, ఫ్లోర్‌లో ఉన్న (స్క్రబ్ కాని) విద్యార్థి ఆయన గౌనుకు తగలకుండా, ఊపిరి బిగబట్టి, దాన్ని ఆయన చెవికి ఆనించి పట్టుకోవాలి. సిలబస్‌లో లేదు గానీ ప్రాక్టికల్స్‌లో తప్పించుకోలేం.

ఆటోక్లేవ్‌కు పంచాంగం తెలియకపోవడం ఆ యంత్రంలోని పెద్ద లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, వాటిలో కొన్నిటికి టైము పెట్టేది డాక్టరు కాదు, పంతులుగారు. ముహూర్తం 6.42కి. గుడ్డల డ్రమ్ము ఆటోక్లేవ్ నుంచి బయటికొచ్చింది 6.30కి, లోపల గుడ్డలింకా తడి. తడి గుడ్డను దాటి క్రిములు హాయిగా లోపలికొస్తాయి కాబట్టి ఆ డ్రమ్ము వాడకూడదు. డ్రమ్ముకు అంటించిన టేపు మీద నల్లగీతలు వచ్చాయిగా అంటారు. ఆ గీతలు చెప్పేది వేడి తగిలిందనే, స్టెరైల్ అయిందని కాదు. పోనీ, సామాను గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రవంలో 20 నిమిషాలు ముంచుదామా? స్పోర్లు చావాలంటే 10 గంటలు పడుతుంది. ఈ రెండూ తెలిసి కూడా గమ్మున ఉన్నవాడే ఇంటర్నల్స్‌లో గట్టెక్కుతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంటును థియేటర్ దాటించే ముందు, మూడుసార్లు ఆగి పైకి చదవాలి. జట్టులో ప్రతివాళ్లూ పేరు, చేసే పని చెప్పుకోవాలి కూడా. ఇంత కాలయాపన మనకెందుకని, పొద్దున్నే ఒక విద్యార్థిని కూర్చోబెట్టి రోజంతటి కేసులకూ ఒకే పెన్నుతో టిక్కులు పెట్టించే పద్ధతి కనిపెట్టాం. పేర్ల బాధా లేదు. అబ్బాయిలందరూ 'ఏయ్ బాబూ', అమ్మాయిలందరూ 'అమ్మాయ్'. ఓటీ టెక్నాలజిస్టు కూడా ఒక వృత్తి నిపుణుడేనని 2021లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ కబురు ఇంకా థియేటర్ తలుపు దాకా రాలేదు.

చూసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పరీక్షకు ముందురాత్రి నిండుతుంది. కనుమ పండుగ నాడు కూడా మూడు మోకాలి ఆపరేషన్లు కనబడతాయి.

అసలు పరీక్ష మాప్‌ల లెక్క దగ్గర. మాప్‌లంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డలు, ఐదేసి కట్టలుగా వస్తాయి. స్క్రబ్ అయినవాళ్లు, ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు, ఇద్దరూ కలిసి ఒక్కొక్కటీ విడదీసి పైకి లెక్కపెట్టాలి. ఒకదానికొకటి అతుక్కున్న రెండు ఒకటిలాగే కనబడతాయి మరి. కోతకు ముందోసారి, పొట్ట మూసే ముందోసారి, చర్మం కుట్టే ముందోసారి. వాడినవి కూడా ఐదేసి పరిచి చూపాలి, లెక్క తేలేదాకా బకెట్టు గది దాటకూడదు. థియేటర్ బాయ్ శుభ్రతాభిమానంతో మధ్యలోనే బకెట్టు పట్టుకుపోయాడంటే ఆ రోజు లెక్క గోవిందా. రక్తంలో తడిసిన మాప్ పేగుల మధ్య పేగులాగే ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అది పొట్టలో ఉండగా అందరూ నేల మీద వెతుకుతారు.

బోర్డు మీద 15. చేతికొచ్చినవి 14. సర్జన్ అప్పటికే కుట్లు వేసే దారం, వైక్రిల్, అడిగేశారు. ఇక్కడ సత్ప్రవర్తన గల విద్యార్థి ముందు రెండు మర్యాదైన దారులున్నాయి. 15 వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉండటం ఒకటి. డస్టర్‌తో 15ను 14 చేయడం ఇంకొకటి, రక్తం చుక్క కారని సర్జరీ అది. మూడో దారి అమర్యాద. అది చెక్‌లిస్టులో మాత్రమే ఉంది.

"ఒక మాప్ తగ్గింది సార్."

మానిటర్ బీప్ ఒక్కటే వినబడుతుంది. "సరిగ్గా లెక్కపెట్టు." మళ్లీ 14. పేషెంటు మీద కప్పిన డ్రేప్ మడతలు, టేబుల్ కింద, చెప్పుల అడుగున, బకెట్లో, ఎక్కడా లేదు. ఎక్స్‌రేకు కనబడే దారం మాప్‌లో ఉంటుంది కాబట్టి సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెమ్మంటారు మత్తు డాక్టరుగారు. ఆ యంత్రం వచ్చేలోపు సర్జన్ విసుగ్గా మరోసారి లోపలికి చెయ్యి పెట్టి, కాలేయం వెనక నుంచి ముద్దలాంటిదొకటి బయటికి లాగుతారు. దాన్ని బకెట్లో పడేస్తూ అంటారు: "ముందే చెప్పాలని తెలీదా?"

నెలాఖరున ఆ కుర్రాడి ప్రవర్తన గడిలో రెండే మాటలు: 'నోరెక్కువ'.